మూడు గ్రూపుల్లో ఉన్నవాడికి విస్తరి లేదు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లకు మూడు వాట్సాప్ గ్రూపులు. పండగ కమిటీలో 120 మంది, క్రికెట్‌లో 90, భజనలో 60. ఒక ఉగాదికి మూడూ కలిపి 270 భోజనాలు చెప్పారు. బొబ్బట్లు మర్నాడు సాయంత్రం దాకా పంచాం. మరుసటి ఏడు ఒకాయన తెలివిగా, రెండేసి గ్రూపుల్లో ఉమ్మడిగా ఉన్నవాళ్లను లెక్కగట్టాడు: 50, 30, 20. వంద తీసేసి 170 చెప్పాడు. పది విస్తళ్లు తక్కువ పడ్డాయి.

ఆ పది ఎవరివి? మూడు గ్రూపుల్లోనూ ఉన్న పదిమందివి. వాళ్లను మూడుసార్లు కలిపాం, మూడుసార్లు తీసేశాం. మిగిలింది సున్నా! తోరణాలు కట్టింది వాళ్లే, వడ్డించింది వాళ్లే, ఆఖరి బంతిలో కూర్చున్నదీ వాళ్లే. ఆ పదిని మళ్లీ కలిపితేనే 180, అసలు లెక్క. మనవాళ్లు మాత్రం రెండేసి సమితుల, అంటే గుంపుల, ఉమ్మడి లెక్క దగ్గరే ఆగిపోతారు. మొదటి మెట్టు మీద, ఉత్త కూడిక దగ్గర, ఆగితే లెక్క ఎక్కువ చూపిస్తుంది; రెండో మెట్టు మీద, తీసివేత దగ్గర, ఆగితే తక్కువ. ఎన్ని సమితులున్నా ఇదే వరస అని ఇటలీ గణితవేత్త బాన్ఫెరోని 1936లోనే చూపించాడు.

బెంగళూరు తెలుగువాళ్ల లెక్క కూడా ఈ రెండు మెట్ల మధ్యే ఊగుతోంది. ఎన్నికలప్పుడు ప్రాంతీయ సంఘం, కుల సంఘం, ఉద్యోగుల సంఘం ఎవరి సంఖ్య వాళ్లు చెబుతారు. అన్నీ కూడేసి లక్షలంటారు. మనం ఏదైనా అడగాల్సిన రోజు వచ్చేసరికి తీసివేత మొదలు: వీళ్లకు ఓటు సొంతూళ్లో ఉంది, వాళ్లు తెలుగు మాట్లాడినా కర్ణాటకలోనే ఉన్న కోలారు నుంచి వచ్చిన కన్నడిగులేగా అని. రెండు తీసివేతల్లోనూ పడ్డవాడిని తిరిగి కలిపేవాడు లేడు.

ఉరామరిగా చెబితే చాలదా, జనబలం చూపించడానికేగా అంటారు. చూపించడానికైతే చాలు. బడిలో తెలుగు టీచరు కావాలని అడగడానికి చాలదు.

జనాభా లెక్కల్లో మాతృభాష ఒక్కటే రాస్తారు, అక్కడ ఉమ్మడి ఉండదు. 2011లో దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్లు. నేరుగా కూడుకోవచ్చు. కానీ తెలిసిన ఇతర భాషలు రెండు చెప్పే వీలూ ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, ఆఫీసులో ఇంగ్లిష్ మాట్లాడే మనిషి బయటపడేది అక్కడే. ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు చాలామంది ఒకటి చెప్పి తలుపేసుకుంటారు. ఈసారి మూడూ చెప్పండి.

మా ఉగాది లెక్క ఇప్పుడు నా నెత్తిన పడింది. మూడు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఆ పదిమంది పేర్లే ముందు రాసుకున్నాను.