గాలితో వైరం

మనవాళ్లు కారు కొన్నవాణ్ణి రంగు అడగరు, ధర తర్వాత అడుగుతారు. మొదటి ప్రశ్న "ఎంతిస్తుంది?" అచ్చం గేదె సంగతి అడిగినట్టే. మా 796 సీసీ బండి 14 ఇస్తోందని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా తల కొట్టేసినట్టయ్యేది. విచారించగా దోషి దొరికాడు. గాలి!

వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుందట. ఇంకమ్ ట్యాక్స్ శ్లాబులు కూడా ఇంత దారుణంగా పెరగవు. అందుకే ఓ ఆదివారం పొద్దున్నే యుద్ధం ప్రకటించాను.

కారు అడుగు నున్నగా ఉంటే గాలి సుడులు తిరగదు. ఎన్నికలు అయిపోయిన వారం కాబట్టి ఫ్లెక్సీలకు కొదవ లేదు. ఓడిపోయిన అభ్యర్థి ఒకాయన చేతులు జోడించి, బోర్లా పడుకుని, మా కారు కింద ఊరంతా తిరిగాడు. గెలిపిస్తే రోడ్ల సంగతి చూస్తానన్నాడు పాపం, ఓడినా చూశాడు.

గాలి కారు కిందికి దూరకుండా బంపరు కింద రబ్బరు పట్టీ కట్టాను. అది మొదటి స్పీడ్ బ్రేకర్‌కే సమర్పణ అయింది. ఇక తోక. నీటిబొట్టులా వెనక్కి సన్నబడే ఆకారమంటే గాలికి ఇష్టం. అంత పొడుగు అక్కర్లేదు, మధ్యలో నరికేసినా చాలావరకు పని జరుగుతుందని 1930లలోనే జర్మనీలో వూనిబాల్డ్ కామ్ అనే ఇంజనీరు తేల్చాడు. నేనూ థర్మోకోల్‌తో మొండితోక అతికించాను. సిగ్నల్ దగ్గర ఆటో ఆయన "అన్నా, ఏ మండపానికి?" అన్నాడు. కోపమొచ్చింది. కానీ కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది కదా, తర్వాతి సిగ్నల్లో ట్రాఫిక్ ఎస్సై ఆపితే "ఖైరతాబాద్‌కు సార్" అని నేనే చెప్పాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటకు మా వేగం గంటకు 18. 100లో వెళ్తే ఎదురయ్యే గాలి అడ్డులో ఈ వేగానికి ఎదురయ్యేది దాదాపు 30వ వంతు. అదైనా నా దాకా రావాలంటే ముందు రెండు ఆటోలూ ఒక సిటీ బస్సూ దాటుకుని రావాలి. సరే, గాలి ఉన్నచోటే తేల్చుకుందామని ఔటర్ ఎక్కాను. 80 దాటేసరికి ఫ్లెక్సీ అంచు ఊడి, నాయకుడు ప్రసంగం మొదలుపెట్టాడు. శంషాబాద్ దాకా ఆపలేదు.

ఇంటికొచ్చాక పదో తరగతి చదివే మావాడు కారు పైకి చూపించి, "నాన్నా, ముందు ఆ క్యారియర్ తీసెయ్యొచ్చుగా?" అన్నాడు. నిజమే. నాలుగు బోల్టులు విప్పితే చాలు, పైసా ఖర్చు లేదు.

"సంక్రాంతికి మా నాన్న ఇచ్చే బియ్యం బస్తాలు నీ నెత్తిన పెట్టుకొస్తావురా?" అంది లోపల్నుంచి మా ఆవిడ.

నేను మారుమాట్లాడకుండా తోకకు ఇంకో చుట్టు టేపు వేశాను.