చికానో సోల్ నకలు సంగీతం కాదు

‘చికానో సోల్ అంటే నల్లజాతి గాయకుల పాటలను మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు తిరిగి పాడటమే; పాడింది ఇంగ్లీషులో కనుక అందులో వాళ్ల సంస్కృతి లేదు; 1960లతో దాని కథ ముగిసింది’ అనే వాదన విరివిగా చెలామణీ అవుతోంది. (చికానోలు అంటే మెక్సికన్ అమెరికన్లు; సోల్ అమెరికా నల్లజాతీయుల్లో పుట్టిన పాటల శైలి.)

నకలు అన్న ఆరోపణనే ముందు చూద్దాం. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకు చెందిన చికానో బృందం సనీ అండ్ ది సన్‌గ్లోస్ 1963లో పాడిన ‘టాక్ టు మీ’, లిటిల్ విల్లీ జాన్ 1958లో పాడిన పాటే. ఆ రుణాన్ని ఎవరూ దాచలేదు. అయితే ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగిందనడానికి ‘ల్యాండ్ ఆఫ్ ఎ థౌజండ్ డాన్సెస్’ను మించిన సాక్ష్యం లేదు. న్యూ ఆర్లియన్స్ గాయకుడు క్రిస్ కెన్నర్ 1962లో రికార్డు చేసిన ఈ పాటను తూర్పు లాస్ ఏంజెలెస్ చికానో బృందం కానిబాల్ అండ్ ది హెడ్‌హంటర్స్ పాడేటప్పుడు, ప్రధాన గాయకుడు ఫ్రాంకీ గార్సియా ఒకసారి వేదికపై మాటలు మరచిపోయి ‘నా నా నా’ అంటూ నెట్టుకొచ్చాడని చెబుతారు. ఆ ‘నా నా నా’తోనే వాళ్ల రికార్డు 1965లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 30వ స్థానానికి చేరింది, మరుసటి ఏడాది నల్లజాతి గాయకుడు విల్సన్ పికెట్ దాన్ని అలాగే తీసుకుని పాడి 6వ స్థానానికి చేర్చాడు. నేడు లోకానికి గుర్తున్నది కెన్నర్ చరణాలు కాదు, ఆ పల్లవే. ఇంతకీ ఇక్కడ ఎవరు ఎవరికి నకలు?

ఇక భాష సంగతి. స్పానిష్ మాట్లాడితే బడిలో దండించిన కాలంలో పెరిగిన తరం ఇంగ్లీషులో పాడటాన్ని సంస్కృతిని వదులుకోవడంగా లెక్కగట్టడం అన్యాయం. పైగా తూర్పు లాస్ ఏంజెలెస్ చికానో బృందం దీ మిడ్‌నైటర్స్ 1965లో విడుదల చేసిన ‘విట్టియర్ బులవార్డ్’లో చరణాలే లేవు, కేకలూ ఆర్గన్ గిటార్ల హోరూ కలిసి, చికానో యువత కార్లలో షికారు చేసే వీధినే పాటగా మార్చాయి. అదే బృందం తర్వాత ‘చికానో పవర్’ పేరుతోనే ఒక రికార్డు తెచ్చింది.

కథ ముగిసిందన్న మాటకు జవాబు క్లుప్తంగానే చాలు. శ్రోతలు ప్రియమైనవారికి, జైల్లో ఉన్న బంధువులకు సైతం ఇలాంటి పాత పాటలు అంకితమిచ్చే రేడియో కార్యక్రమాన్ని కాలిఫోర్నియా రేడియో వ్యాఖ్యాత ఆర్ట్ లబో 2022లో 97 ఏళ్ల వయసులో మరణించేదాకా నడిపాడు. శాన్ డియాగో బృందం దీ సేక్రెడ్ సోల్స్ తొలి ఆల్బమ్ వచ్చిందీ అదే ఏడాది. అందులో డ్రమ్స్, బేస్ వాయించేవారు చికానోలు, పాడేది నల్లజాతి గాయకుడు జాష్ లేన్.