కొత్త సిస్టర్‌ని లెక్కలో కలపకండి

ఐసీయూలో చేరిన కొత్త స్టాఫ్ నర్సుని మొదటి మూడు నెలలు రోస్టర్ లెక్కలో, అంటే ఏ షిఫ్టుకి ఎవరో రాసే డ్యూటీ లిస్టు లెక్కలో, కలపకూడదు. ఆమెకి విడిగా పేషెంట్‌ని ఇవ్వకూడదు. ఒక సీనియర్ సిస్టర్ పక్కనే ఉండి, ఆ సీనియర్ చూసే పేషెంట్‌నే ఆమె కూడా చూడాలి. హైదరాబాద్ ఐసీయూల్లో డ్యూటీలు చేస్తూ ఇన్నేళ్లుగా నేను అడుగుతున్నది ఇదొక్కటే. మీటింగుల్లో అడిగాను, ఇన్‌ఛార్జిలని అడిగాను. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఫీల్డ్‌తో సంబంధం లేని వాళ్ల కోసం, జరుగుతున్నది ఏంటో చెప్తాను. ఖమ్మం నుంచో, మహబూబాబాద్ నుంచో, శ్రీకాకుళం నుంచో ఒక అమ్మాయి మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తి చేసి వస్తుంది. అమీర్‌పేటలోనో ఎస్ఆర్ నగర్‌లోనో హాస్టల్లో దిగుతుంది. ఇంటర్వ్యూ అవగానే ఐసీయూలో వేస్తారు, ఖాళీలు ఎప్పుడూ అక్కడే ఉంటాయి కాబట్టి. రెండు రోజుల ఓరియెంటేషన్‌లో ఫైర్ సేఫ్టీ, చేతులు కడుక్కునే పద్ధతి, హెచ్ఆర్ ఫారాలు అయిపోతాయి. తర్వాత వారం పది రోజులు ఎవరో ఒకరి వెనక తిరుగుతుంది. ఒక నైట్ ఎవరో డ్యూటీకి రారు. "ఐదు, ఆరు బెడ్లు నువ్వు చూసుకోమ్మా, ఏమైనా ఉంటే పిలువు" అంటారు. ఐదులో వెంటిలేటర్ పేషెంట్, ఆరులో డయాలసిస్ అయి వచ్చిన పేషెంట్. పిలిస్తే రావాల్సిన మనిషి చేతిలో ఇంకో మూడు బెడ్లు.

కాలేజీలో నేర్పలేదా అని అడుగుతారు. చాలా కాలేజీల పిల్లలకి ఐసీయూ పోస్టింగ్ అంటే గోడ పక్కన నిలబడి చూడటం, బెడ్ వేయడం, టెంపరేచర్ రాయడం. మందు ఎక్కించే పంపు ముట్టుకోనివ్వరు. ముట్టుకోనివ్వకపోవడం సరైనదే, అది స్టూడెంట్ పని కాదు. మరి ముట్టుకోవడం ఎక్కడ నేర్చుకోవాలి?

ఈ పని ఎంత సున్నితంగా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసి, బీపీ పడిపోయిన పేషెంట్‌కి నోర్ఎడ్రినలిన్ పెడతాం, నోరాడ్ అంటాం అందరం. 50 ఎంఎల్ సిరంజిలో, పంపు మీద, గంటకి కొన్ని ఎంఎల్ చొప్పున వెళ్తుంటుంది. ఇది ఆగితే దాని ప్రభావం నిమిషాల్లో పోతుంది. సిరంజి ఖాళీ అయ్యి పంపు మోగాక, అప్పుడు ట్రాలీ దగ్గరికి వెళ్లి, యాంప్యూల్స్ (చిన్న మందు సీసాలు) కొట్టి, కలిపి, లేబుల్ రాసి, ఎక్కించేలోపు 65 ఉండాల్సిన మీన్ ప్రెషర్, అంటే సగటు బీపీ, 40కి జారిపోవచ్చు. చేయి తిరిగిన సిస్టర్ సిరంజిలో ఇంకా అరగంట మందు ఉండగానే రెండోది కలిపి, లేబుల్ వేసి, రెండో పంపుకి ఎక్కిస్తుంది. పేషెంట్‌కి కలపకముందే లైన్ చివర చుక్క వచ్చేదాకా తోసి చూసుకుంటుంది. కలిపి మొదలుపెట్టాక కళ్లు మానిటర్ మీదే ఉంచి, బీపీ పెరగడం కనిపించగానే పాత పంపుని మెల్లగా తగ్గిస్తుంది. పక్కన నిలబడి రెండుసార్లు చూస్తే, మూడోసారి ఆమె చేస్తుంటే మనం పక్కన నిలబడితే, వచ్చేస్తుంది. పుస్తకం చదివితే మాత్రం రాదు.

అలారాలూ అంతే. వెంటిలేటర్ హై ప్రెషర్ అలారం కొడితే కొత్త అమ్మాయి కళ్లు మెషీన్ వైపు పోతాయి, చేయి సైలెన్స్ బటన్ వైపు పోతుంది. ముందు చూడాల్సింది పేషెంట్‌ని. నోట్లో ఉన్న శ్వాస ట్యూబ్ కొరుకుతున్నాడా, కఫం అడ్డుపడిందా, సర్క్యూట్‌లో నీళ్లు నిలిచాయా, ఇందాక పక్కకి తిప్పినప్పుడు ట్యూబ్ మడతపడిందా? "మెషీన్ తర్వాత, ముందు ఛాతీ చూడు" అని ఒక మనిషి భుజం మీద చేయి వేసి చెప్పాలి.

పొటాషియం క్లోరైడ్ సంగతి మరీ భయం. 10 ఎంఎల్ యాంప్యూల్, చూడటానికి మామూలు నీళ్లలా ఉంటుంది. పలచగా కలపకుండా నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. అందుకే ఇలాంటి మందులు ఇద్దరు సిస్టర్లు చూసుకుని ఇవ్వాలని రూల్. ఆ ఇద్దరూ నిన్న మొన్న చేరిన వాళ్లే అయితే కాగితం మీద రెండు సంతకాలు ఉంటాయి, చూసిన అనుభవం మాత్రం ఒక్కరికీ ఉండదు. రోస్టర్ రాసే వాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఇంకో మాట, ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. కొత్త అమ్మాయికి పని తెలియకపోవడం పెద్ద ప్రమాదం కాదు. అడగడానికి భయపడటం ప్రమాదం. రాత్రి మూడింటికి యూరిన్ తగ్గిందని డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే "ఇంత చిన్నదానికి లేపుతావా?" అంటారు. సీనియర్‌ని అడిగితే "ఇది కూడా రాదా, ఏం చదివావ్?" అని అందరి ముందు అంటారు. మర్నాడు నుంచి ఆ పిల్ల అడగదు. రెండు గంటలు యూరిన్ రాకపోయినా పొద్దున రౌండ్స్ దాకా చూద్దాంలే అనుకుంటుంది. అప్పటికి కిడ్నీలు దెబ్బతింటే ఆ అమ్మాయికి మెమో ఇస్తారు. ఆమె నోరు మూయించింది ఎవరో ఏ మెమోలోనూ ఉండదు. ఇది చదివే డాక్టర్లకి, సీనియర్లకి చేతులు జోడించి చెప్తున్నాను: అనవసరంగా వచ్చిన పది ఫోన్లని భరించండి, పదకొండోది ఒక ప్రాణం కావచ్చు.

"మేమూ అలాగే నేర్చుకున్నాం" అనే వాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. సరే, నేర్చుకున్నాం. ఎవరి మీద నేర్చుకున్నాం? ఆ బెడ్ల మీద పడుకున్న వాళ్లు ఒప్పుకున్నారా? 2020లో గాంధీ ఆస్పత్రి మొత్తాన్ని కోవిడ్‌కి ఇచ్చేసిన రోజుల్లో, ఊరంతా ఐసీయూలు నిండిపోయి, ఫ్రెషర్లని నేరుగా వెంటిలేటర్ల ముందు నిలబెట్టారు. అప్పుడు వేరే దారి లేదు, ఆ పిల్లలు నిలబడ్డారు కూడా, వాళ్లకి దండం పెట్టాలి. కానీ ఆపద రోజుల్లో చేసిన పనిని ఇప్పుడు అలవాటుగా మార్చుకున్నారు.

స్టాఫ్ లేరంటారు మేనేజ్‌మెంట్ వాళ్లు. ఎందుకు లేరు? ఐసీయూలో ఒక పేషెంట్‌కి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 బెడ్లు దాటిన ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సులకి ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 బెడ్ల లోపు వాటిలో కూడా 20,000 కంటే తగ్గకూడదని సిఫార్సు చేసింది. నగరంలో ఎంతమంది చేతికి అంత వస్తోందో ఏ నర్సుల హాస్టల్‌కి వెళ్లి అడిగినా చెప్తారు. అందుకే కాస్త చేయి తిరగగానే విదేశాల్లో ఉద్యోగం కోసం జర్మన్ క్లాసుకో, ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష కోచింగ్‌కో పోతారు, లేదా ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం చూస్తారు. 2024 జనవరిలో ఎల్‌బీ స్టేడియంలో దాదాపు 7,000 మంది స్టాఫ్ నర్సులకి నియామక పత్రాలు ఇచ్చారు. నాకు చాలా సంతోషం వేసింది. ప్రభుత్వ ఆస్పత్రులకి వాళ్లు కావాలి, వాళ్లకి ఆ భద్రత కావాలి. కానీ అలా వెళ్లే ప్రతి అమ్మాయితో పాటు, కొత్తవాళ్లకి నేర్పే ఒక మనిషి కూడా ప్రైవేటు ఐసీయూ నుంచి వెళ్లిపోతుంది. నిలబెట్టుకోవాలంటే జీతం పెంచాలి. వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆస్పత్రి బీరువాలో పెట్టుకుని నిలబెట్టడం పద్ధతి కాదు.

చిన్న ఆస్పత్రులకి మూడు నెలలు కష్టమే, ఒప్పుకుంటాను. ఆరు బెడ్ల ఐసీయూలో ఒక మనిషిని లెక్క బయట ఉంచడం తేలిక కాదు. అలాంటప్పుడు కనీసం వెంటిలేటర్, నోరాడ్ ఉన్న పేషెంట్లని కొత్త అమ్మాయికి ఒంటరిగా ఇవ్వకండి. నైట్‌లో ఇద్దరు ఫ్రెషర్లనే వేయకండి. దీనికి డబ్బు అక్కర్లేదు, రోస్టర్ రాసే చేయి కాస్త ఆలోచిస్తే చాలు.

విజిటింగ్ టైంలో ఒక ముసలామె లోపలికి వస్తే, అందరిలోకీ చిన్నగా కనిపించే సిస్టర్ చేయి పట్టుకుంటుంది. "బిడ్డా, మా ఆయన కండ్లు తెరిచిండా?" అని అడుగుతుంది. కూతురిలా కనిపిస్తుంది కాబట్టి ఆమెనే అడుగుతుంది. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయిందో ఆ పెద్దావిడకి తెలియదు. ఆ నమ్మకానికి తగ్గట్టు ఆ పిల్లని తయారు చేయాల్సిన బాధ్యత ఆస్పత్రిది, మా సీనియర్లది.

ఈ ఏడాది పాసై వస్తున్న చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఈ మూడూ అడగండి. మీ ఐసీయూలో ఒక సిస్టర్‌కి ఎంతమంది పేషెంట్లు? నన్ను ఎన్ని వారాలు సీనియర్‌తో ఉంచుతారు? ఆ సీనియర్ పేరేంటి? మూడో ప్రశ్నకి వెంటనే ఒక పేరు వస్తే అక్కడ చేరండి. పేరు చెప్పలేక "అందరూ నేర్పిస్తారమ్మా" అంటే, వార్డులో పోస్టింగ్ అడగండి. ఆరు నెలల తర్వాత ఐసీయూకి రండి, అప్పటికి మందుల పేర్లు, పేషెంట్ ముఖంలో తేడా రెండూ మీకు తెలుస్తుంటాయి.