వారం వంట ముందే అనుకుంటే ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

ఇంటి సరుకుల ఖర్చు తగ్గాలంటే ఏం చేయాలని ఎవరిని అడిగినా, మొదట ఏది ఎక్కడ చవగ్గా దొరుకుతుందో చెబుతారు. ఫలానా మార్టులో నూనె ఐదు రూపాయలు తక్కువంటారు, ఫలానా యాప్‌లో ఉల్లిపాయల మీద ఆఫరుందంటారు. ఆ ఐదు రూపాయల కోసం బండి వేసుకుని వెళ్లి, అనుకోని నాలుగు ప్యాకెట్లు సంచిలో వేసుకొచ్చే ఇళ్లు ఎన్ని లేవు? నా ఉద్దేశంలో మధ్యతరగతి ఇంట్లో డబ్బు కారిపోయే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి, కొని వండకుండా పారేసే కూరగాయ. రెండోది, రాత్రికి ఏం వండాలో తేలక బయటినుంచి తెప్పించుకునే తిండి. వారం వంట ముందే అనుకోవడం ఈ రెండింటికీ అడ్డుకట్ట వేస్తుంది.

కేంద్ర గణాంక శాఖ 2023-24లో జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలోని పట్టణాల్లో మనిషికి సగటు నెల ఖర్చు 6,996 రూపాయలు. అందులో దాదాపు 40 శాతం తిండికే పోతోంది. ఆ తిండి ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు ఏదంటే చాలామంది బియ్యమో, పాలో, కూరగాయలో అనుకుంటారు. నిజానికి అది పానీయాలు, ప్యాకెట్ తినుబండారాలు, బయట వండిన తిండి కలిసిన పద్దు. మొత్తం నెల ఖర్చులో దాని వాటా 11 శాతం పైనే. సగటు లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడు వేల రూపాయలు దాటుతుంది. బియ్యం ధర కిలోకి రెండు రూపాయలు పెరిగితే వాపోయే మనం, ఈ పద్దు ఎప్పుడు ఇంత పెద్దదయిందో గమనించనే లేదు.

ఇక పారేసేదాని సంగతి. మన దేశపు ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం చెత్తలోకి పోతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక అంచనా. తొక్కలు, ఎముకల వంటి తినని భాగాలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి అదంతా వృథా అనలేం. అయినా నలుగురున్న ఇంటికి వారానికి నాలుగు కిలోల పైచిలుకు. శనివారం ఫ్రిజ్ కింది అర బయటికి లాగితే ఆ లెక్క కళ్లకు కడుతుంది. కట్ట విప్పకుండానే నల్లబడి కవరుకు అతుక్కుపోయిన కొత్తిమీర, కోసిన వైపు జిగురు పట్టిన సగం సొరకాయ, వడిలి మచ్చలు తేలిన బెండకాయలు, పులుసులో వేద్దామని దాచి మరిచిపోయిన రెండు ములక్కాడలు. వాటిలో ఏదీ ఖరీదైనది కాదు. అందుకే పారేసేటప్పుడు బాధ అనిపించదు. వారం వారం అదే జరుగుతుంది.

అయితే వారం ప్రణాళిక అనగానే ‘సోమవారం బీరకాయ, మంగళవారం వంకాయ’ అని పట్టిక గీసి ఫ్రిజ్‌కి అంటించేవారున్నారు. అలాంటి పట్టిక ఎక్కువ రోజులు నిలవదు. బజారులో ధర మన పట్టిక చూసి మారదు కదా. మన భోజనానికి మొదటినుంచీ ఒక చట్రం ఉంది. అన్నం మారదు, పెరుగు మారదు. మధ్యలో పప్పో పులుసో, కూరో వేపుడో, ఒక పచ్చడో. వారంలో ఎన్ని పప్పులు, ఎన్ని పులుసులు, ఎన్ని వేపుళ్లు, ఏ రోజు గుడ్లు, ఏ రోజు మాంసం అన్నంతవరకే ముందు అనుకోవాలి. శనివారం నీచు తినని ఇల్లు, కార్తికంలో ఉల్లి ముట్టని ఇల్లు ఎలాగూ సగం ప్రణాళిక వేసుకునే ఉంటుంది. ఏ పులుసులో ఏ కాయ అన్నది మాత్రం రైతుబజారులో ధరల బోర్డు ముందు నిలబడి తేల్చుకోవాల్సిన సంగతి.

2023 జులైలో టమాటాకు ఏమయిందో గుర్తుచేసుకోండి. మదనపల్లె మార్కెట్‌లోనే మేలు రకం కిలో 200 రూపాయలు తాకింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో రాయితీ మీద కిలో 50 రూపాయలకు అమ్మితే జనం బారులు తీరారు. టమాటా పప్పే వండాలని కూర్చున్న ఇల్లు ఆ ధర కట్టింది. పప్పులోకి పులుపు కావాలి అనుకున్న ఇంటికి గోంగూర ఉంది, చుక్కకూర ఉంది, చింతపండు ఉంది, వేసవిలో ఎండబెట్టుకున్న మామిడి ఒరుగులున్నాయి. కందిపప్పు మండిపోతుంటే పెసరపప్పుకు మారడమూ ఇలాంటిదే. మన వంటలో ఒకదానికి బదులు ఇంకొకటి వేసుకునే వీలు బోలెడంత ఉంది. దాన్ని వాడుకోనివ్వని ప్రణాళిక దండగ.

కాయలు కొన్నాక చూడాల్సింది ఏది ముందు పాడవుతుందని. ఆదివారం బజారు చేస్తే ఆకుకూరలు సోమ, మంగళవారాలు దాటకూడదు. బెండ, బీర, వంకాయ వారం మధ్యకల్లా అయిపోవాలి. దొండ, క్యాబేజీ ఒకటి రెండు రోజులు ఆగుతాయి. దోసకాయ, గుమ్మడి, కంద, చేమ, ఆలు వారాంతానికి. శుక్రవారం దోసకాయ పప్పు, శనివారం గుమ్మడికాయ పులుసు అన్న వరస ఇలాగే వస్తుంది. పెద్ద కాయ కోసేటప్పుడే రెండో సగానికి కూడా దారి చూడాలి. ఇవాళ సొరకాయ పప్పు అయితే రేపు మజ్జిగ పులుసు. ఇడ్లీ పిండి ఆదివారం రాత్రి రుబ్బితే రెండు రోజులు ఇడ్లీ, ఆ తర్వాత దోసె, పులిశాక గుంతపొంగనాలు. పిండి ప్యాకెట్ల ఖర్చు అక్కడికక్కడే పోతుంది.

ఆకుకూరలు, కొత్తిమీర మాత్రం వారానికి సరిపడా కొనొద్దనే చెబుతాను. వీధిలోకి తోపుడు బండి వస్తుంటే ఏ రోజువి ఆ రోజు తీసుకోవడమే మేలు. ఆకు తాజాగా ఉంటుంది, కొసరుగా నాలుగు రెబ్బల కరివేపాకు వస్తుంది, బండి నడిపే ఆమెకూ బేరం ఉంటుంది.

ప్యాకెట్ మీది ధర చూసి చవక అనుకోవడం కూడా సరికాదు. 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ పడేసరికి మిల్లులు ఆ పన్ను పడని 26 కిలోల బస్తాలు తెచ్చాయి. అందుకని బస్తా ధర కాకుండా కిలో ధర చూసుకోవాలి. నూనెదీ అంతే. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడ్డానికి అలాగే ఉండే ప్యాకెట్లలో 850 గ్రాములే ఉండేవీ ఉన్నాయి.

అసలు పరీక్ష రాత్రి ఏడున్నరకు వస్తుంది. ఆఫీసు నుంచి అలసిపోయి వస్తే పిల్లలు ఆకలంటారు, అనుకున్న కూర తరగనైనా లేదు. అప్పుడు వేలు యాప్ మీదికి వెళుతుంది. దీన్ని మనసు గట్టిచేసుకుని ఆపలేం. వారంలో ఒక పూట ఇలా తప్పుతుందని ముందే ఒప్పుకుని, ఆ పూటకు ముద్దపప్పు, ఆవకాయ, అప్పడం అని ఖాయం చేసుకోవాలి. కుక్కర్ పెడితే అరగంటలో పళ్లెంలోకి వస్తుంది. ఏడాదికి సరిపడా పచ్చడి పెట్టుకున్న ఇల్లు ఆ ఒక్క పూట మిగుల్చుకునేది చిన్న మొత్తం కాదు.

ఇదంతా పనే. ఆ పని ఎవరి నెత్తిన పడుతోందన్నది అడగకుండా పొదుపు సలహాలివ్వడం అన్యాయం. జీతంలేని ఇంటి పనికి, ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని కేంద్రం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే చెబుతోంది. ఏం వండాలా అని ఆలోచించే భారం అందులో ఏ మేరకు లెక్కకు వచ్చిందో ఆడవాళ్లకే తెలియాలి. వారం వంట కాగితం మీదికి వస్తే కూరగాయలు తేవడం, శనగలు నానబెట్టడం, పిండి రుబ్బడం ఇంకొకరు అందుకోవచ్చు. ‘ఇవాళ ఏం కూర?’ అని అడిగే మగవాళ్లు ఆ కాగితం చూసి కూర తరగడం మొదలుపెట్టాలి.

ఈ సలహా అందరికీ పనికిరాదని కూడా చెప్పాలి. నెల జీతం, ఫ్రిజ్, ఆదివారం సెలవు ఉన్న ఇళ్ల సంగతి వేరు. శనివారం మేస్త్రీ బట్వాడా ఇచ్చే చోట వారపు సంతలో వారానికి సరిపడా కొనుక్కోవచ్చు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే ఇంట్లో మాత్రం పావుకిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్ కిరాణా కొట్లో రోజూ కొనాల్సిందే. కిలో లెక్కన చూస్తే వాళ్లు మనకంటే ఎక్కువే కడుతున్నారు. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ కార్డుదారులకు మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా అందుతోంది. బియ్యం బెంగ దానితో కొంత తీరింది. పప్పు, నూనె కూడా రేషన్ దుకాణంలో ప్రతి నెలా తప్పకుండా దొరికితే రోజు కూలీల ఇంట్లోనూ ముందు రోజుల గురించి ఆలోచించి పొయ్యి వెలిగించే వీలుంటుంది.