సెమిలిగుడ చలి వేరు, టొరంటో చలి వేరు

డిసెంబరు దగ్గరపడితే చాలు, ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఓ పాత మెసేజ్ మళ్లీ తిరగడం మొదలెడుతుంది. కెనడా, అమెరికా వెళ్లే పిల్లలకు చలి చిట్కాలట. అందులో ఉండేది ఇదీ: కోరాపుట్ కొండల్లోని సెమిలిగుడ చలి చూసినవాళ్లకు టొరంటో ఓ లెక్కా, ఒక్క చలికాలం గడిస్తే రక్తం చిక్కబడి అలవాటైపోతుంది. అందాకా ఒంటికి రెండు నూలు బనియన్లు, కాళ్లకు మూడు జతల మేజోళ్లు, మొహానికి కొబ్బరినూనె. వేళ్లు మొద్దుబారితే మంచుతో రుద్దాలి. ఓ పెగ్గు వేస్తే ఒళ్లు వేడెక్కుతుంది. గదిలో చలేస్తే కిటికీలు బిగించి గ్యాస్ పొయ్యి వెలిగించాలి. వీటిలో కొన్ని ఉత్త మాటలు. చివరి మూడూ మాత్రం ప్రాణం మీదికి తెచ్చేవి.

ముందు సెమిలిగుడ సంగతి. అక్కడ తెల్లవారుజామున అయిదారు డిగ్రీలకు దిగినా, పొద్దెక్కేసరికి ఎండ కాస్తుంది. టొరంటో జనవరిలో రోజుల తరబడి సున్నా కిందే ఉండొచ్చు, పైగా గాలి. మైనస్ 10 దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. ఆ గాలిచలి లెక్క మైనస్ 28కి చేరితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకని ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి బయల్దేరకూడదు, పక్కనుండే ‘ఫీల్స్ లైక్’ అంకె చూడాలి. రక్తం చిక్కబడటం వల్ల చలి అలవాటు కాదు. నాలుగు నెలలు తిరిగితే వణుకు కొంత తగ్గొచ్చు గానీ, గడ్డకట్టే చలికి చర్మం మాత్రం మొదటి రోజు ఎంత లోకువో అప్పుడూ అంతే.

ఇక నూలు బనియన్లు. మన ఇళ్లలో చలికాలం ముందు రజాయి విప్పి దూది ఏకిస్తారు. దూది తూకం పెరగదు, వెచ్చదనం పెరుగుతుంది. అట్టకట్టిన దూది విడిపోయి మధ్యలో గాలి నిలుస్తుంది, చలిని ఆపేది ఆ గాలే. నూలు బనియను చెమటకు తడిస్తే ఆ సందుల్లోకి నీరు చేరుతుంది. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. బస్సు కోసం పరిగెత్తి, చెమటపట్టి, స్టాపులో పది నిమిషాలు నిలబడితే వణుకు పుట్టేది ఇందుకే. ఒంటిని అంటి మెరినో ఉన్ని లేదా పాలియెస్టర్ థర్మల్, దానిపైన ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే సింథటిక్ బట్ట) లేదా ఉన్ని స్వెట్టరు, అన్నిటికీ పైన గాలీ తడీ చొరని, టోపీ ఉన్న జాకెట్టు. థర్మల్స్ ఇక్కడ కొన్నా ఫరవాలేదు, చీటీ మీద నూటికి నూరుపాళ్లు కాటన్ అని లేకుంటే చాలు. కోటు, బూట్లు అక్కడే కొనాలి. గడప దాటిన మొదటి అయిదు నిమిషాలు కాస్త చలిగా అనిపించాలి. అప్పుడే వెచ్చగా ఉందంటే నడకలో చెమట ఖాయం. బస్సెక్కగానే జిప్పు దించండి.

మూడు జతల మేజోళ్లదీ అదే తప్పు. బూటు బిగుసుకుంటే లోపల గాలి ఉండదు, వేళ్లకు రక్తం సరిగా అందదు. మందపాటి ఉన్ని మేజోడు ఒక్కటి చాలు, బూటులో వేళ్లు ఆడాలి. రాత్రిపూట లోపలి అట్ట బయటికి తీసి ఆరబెట్టాలి.

నడక గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్కా లేదు. మనకు పొగమంచూ మంచే, గడ్డిమీద పడేదీ మంచే, ఆకాశం నుంచి రాలేదీ, నేలమీద గడ్డకట్టేదీ మంచే. ఒడియా నయం, కుహుడి, కాకర అని మొదటి రెంటికీ వేరే పేర్లున్నాయి (మన కాకరకాయతో సంబంధం లేదు). టొరంటోలో ఎముకలు విరగ్గొట్టేది మెత్తగా రాలే మంచు కన్నా, పగలు కరిగి రాత్రికి రోడ్డుమీద గాజులా పేరుకునే పలచని పొరే. తడి తారులాగే కనిపిస్తుంది. మంచు కరగడానికి చల్లే మామూలు రోడ్డు ఉప్పు మైనస్ 10 కిందికి దిగితే సరిగా పనిచేయదు. వానలో వరిగట్టు మీద నడిచినట్టు చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనేలా వేయాలి, చేతులు జేబుల్లో ఉండకూడదు.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. చర్మం పగుళ్లకు స్నానం తడి ఆరకముందే వ్యాజలీను రాయండి. మొహాన్ని గాలినుంచి కాపాడేది మఫ్లరు, నూనె కాదు.

వేళ్లను మంచుతో రుద్దడం చాలా పాత మూఢనమ్మకం. గడ్డకట్టిన చర్మం లోపల మంచు స్ఫటికాలుంటాయి, రుద్దితే కణాలు చిట్లుతాయి. మన రంగు ఒంటిమీద తెల్లబడటం సరిగా తెలియకపోవచ్చు. మైనంలా గట్టిపడి, గిల్లినా తెలియకపోతే అదే గుర్తు. తిరిగి చలిలోకి వెళ్లే పని లేదనుకున్నాకే 37 నుంచి 39 డిగ్రీల నీటిలో అరగంట దాకా ముంచాలి. వేడి ఎంతుందో ఇంకొకరు చెయ్యి పెట్టి చూడాలి, మొద్దుబారిన చేతికి మరిగే నీరూ తెలియదు. హీటరు, మంట దగ్గరికి పోనివ్వద్దు. బొబ్బలొస్తే ఆసుపత్రికే. పెగ్గు మాటా అంతే: చర్మంలోని రక్తనాళాలు విప్పారి పైకి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంటుంది.

చివరిది, గ్యాస్ పొయ్యి. కోరాపుట్ కొండల్లో కుంపటి పెట్టుకునే ఇంటికి తలుపు సందులూ పెంకు సందులూ ఉంటాయి. టొరంటో అపార్టుమెంటుకు అవేవీ ఉండవు. గ్యాసు, బొగ్గు సరిగా మండకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే అనుమానించాలి. పడకగదుల దగ్గర దాన్ని పసిగట్టే అలారం ఉండాలి. హీటింగు పొగగొట్టం మూతినీ, కారు స్టార్టు చేసేముందు సైలెన్సరునూ మంచు కప్పేసిందేమో చూడాలి. అలారం మోగితే కిటికీ తెరిచి చూద్దాంలే అని ఆగకుండా అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయాలి. కోట్లు తలుపు పక్క కొక్కేనికే వేలాడుతుంటే, బయటికొచ్చాక తొడుక్కోవచ్చు.