పని చేయని పెద్దమనిషి కాల్మాడ్యులిన్ గారికి

అయ్యా,

మూడు రాత్రులుగా తమరి గురించే చదువుతున్నాను, ఇక ఆపుకోలేక రాస్తున్నా. తమరు మా కణాల్లో ఉండే ఓ ప్రోటీనే గానీ ఎంజైమ్ కాదు, సొంతంగా ఒక్క ఫాస్ఫేట్‌ని (ప్రోటీన్ల పనిని మార్చే చిన్న రసాయన ముక్కని) కూడా అంటించింది లేదు, పీకింది లేదు. 148 అమైనో ఆమ్లాల ఒంటితో కణమంతా తిరుగుతూ పక్కవాళ్లకి పని పురమాయించడమే తమరి ఉద్యోగం.

అదైనా ఊరికే చేస్తారా? కణం లోపలికంటే బయట కాల్షియం దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. ఏదో సిగ్నల్‌కి గేటు తెరుచుకుని అది కాస్త లోపలికొచ్చి తమరి నాలుగు జేబుల్లో పడితే గానీ తమరిలో చలనం రాదు. ఇలాంటివాళ్లని మేం ఏమంటామో చెప్పక్కర్లేదు.

జేబులు నిండాక మాత్రం ఎక్కడలేని హుషారు. కామ్‌కైనేజ్-2 లాంటి ఎంజైములు తమ ఒంట్లోని ముక్కతోనే తమ నోరు మూసుకుని కూర్చుంటాయి (ఈ విషయంలో వాటి మీదా నాకు కోపమే). తమరు వెళ్లి వాటేసుకోగానే ఆ ముక్క పక్కకి జరుగుతుంది, పని మొదలవుతుంది. పేరు తమరిది, చాకిరీ వాళ్లది. అందులోనూ ఆ కామ్‌కైనేజ్‌లో 12 మంది (అంటే 12 ప్రోటీన్ గొలుసులు) కలిసి కూర్చుని, గొలుసులోని 286వ అమైనో ఆమ్లం దగ్గర ఒకరికొకరు ఫాస్ఫేట్ అంటించుకుంటారు, ఆ తర్వాత తమరు వెళ్లిపోయినా పని ఆగదు. మేనేజర్ లేకపోయినా ఆఫీసు నడుస్తుందని అక్కడే తేలిపోయింది!

అసలు బాధ ఇంకోటి. కామ్‌కైనేజ్‌ని లేపి ఫాస్ఫేట్ అంటించమనేదీ తమరే, కాల్సిన్యూరిన్ అనే ఇంకో ఎంజైమ్‌ని లేపి ఫాస్ఫేట్ పీకెయ్యమనేదీ తమరే. తానే గిల్లి తానే జోకొట్టడం అంటే ఇదే కదా. అడిగితే లెక్క ఉందంటారు: రెండు న్యూరాన్లు (మెదడు కణాలు) కలిసే చోట కణం లోపలికి కాల్షియం కొద్దికొద్దిగా వస్తే కాల్సిన్యూరిన్ లేచి వాటి మధ్య బంధాన్ని వదులు చేస్తుంది, ఒక్కసారిగా దండిగా వస్తే కైనేజ్ లేచి బిగిస్తుంది, మా జ్ఞాపకాలకి చాలావరకు ఆధారం ఇదేనని. మామూలు ఎంతిచ్చారో దాన్ని బట్టి పని అన్నమాట.

తమరిని పీకేయమని కూడా రాద్దామనుకున్నా. కానీ మనుషుల్లో మూడు జన్యువులు, అంటే ఆరు కాపీలు, అచ్చం ఒకేలాంటి తమరినే తయారుచేస్తాయి. అయినా ఆ ఆరింటిలో ఒక్కదానిలో కొన్నిచోట్ల ఒక్క అక్షరం తప్పితే చాలు, గుండె లయ ప్రమాదకరంగా తప్పుతుందని చదివాక చెయ్యి ఆగిపోయింది.

ఇంకో చిన్న మనవి. రేపు ఉదయం నాకు పరీక్ష. ఈ రాత్రికి మాత్రం దయచేసి కాస్త కైనేజ్ వైపు మొగ్గు చూపించండి.

ఇట్లు,
తమరి అవసరం పడిన ఒక విద్యార్థి