ఫెయిర్ పోయి గ్లో వచ్చింది, అంతే

"ఫెయిర్ అండ్ లవ్లీ పేరులో ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు కదా, ఇంకా ఏంటమ్మా మీ బాధ" అనేవాళ్ళ కోసమే ఈ పోస్టు. కాస్త పొడుగే, ఓపిక ఉంటేనే చదవండి.

1975లో మన మార్కెట్లోకి వచ్చిన క్రీమ్ అది. పేరు మార్చింది 2020 జూలైలో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపాక లేచిన గొడవ వేడి ఇక్కడిదాకా తగిలితే. మన దగ్గర ఎవరూ అడగలేదా అంటే అడిగారు. చెన్నైలో 2009 నుంచే డార్క్ ఈజ్ బ్యూటిఫుల్ అని ఉద్యమం నడిచింది, నటి నందితా దాస్ దాని తరఫున మాట్లాడింది, అయినా పేరు మాత్రం కదల్లేదు. ఇక్కడి ఆడపిల్లలు నలభై ఐదేళ్ళు పడ్డ మాటలకి విలువ లేదు, ఫ్లాయిడ్ చనిపోయిన మినియాపొలిస్‌లో గొడవైతే మాత్రం రాత్రికి రాత్రి జ్ఞానోదయం అయింది!

ఆ యాడ్ల కథ గుర్తుందా? పిల్ల నల్లగా ఉంటుంది కాబట్టి ఉద్యోగం రాదు, పెళ్ళి కుదరదు, నాన్న తల పట్టుకుని కూర్చుంటాడు, క్రీమ్ రాసుకోగానే ఎయిర్ హోస్టెస్ అయిపోతుంది. ఏం చదివిందో ఎవరికీ అక్కర్లేదు. డబ్బా మీద రెండు మొహాలు, పక్కన గోడకి పెయింట్ ఎంచుకునే కార్డులాగా రంగుల పట్టీ. 2014లో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, నల్లగా ఉన్నవాళ్ళని దిగులుగా, చేతకానివాళ్ళలా చూపించకూడదని నియమం పెట్టింది. 2019లో ఆ రెండు మొహాలూ, పట్టీ కూడా తీసేశారు. మంచిదే, కాదనను.

కానీ నా కడుపు మంట ఇప్పటి సంగతి గురించి. అప్పట్లో యాడ్ వస్తే యాడ్ అని తెలిసేది, తిట్టుకుని ఛానల్ మార్చేవాళ్ళం. ఇప్పుడు ఎవరో అమ్మాయి చేతికి సెలైన్ సూది పెట్టించుకుని నవ్వుతూ "హాయ్ ఫ్రెండ్స్, ఇది నా బ్రైడల్ గ్లో ప్యాకేజీ, నా కోడ్ చెప్తే డిస్కౌంట్" అంటుంది. దాన్ని యాడ్ అనాలా, అక్క చెప్పే సలహా అనాలా? ఆ ఎక్కించేది గ్లూటాథయోన్, రంగు తేలుతుందని చెప్పి అమ్మే మందు. ఒళ్ళు తెల్లబరిచే ఇంజెక్షన్ ఏదీ అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఇప్పటిదాకా ఆమోదించలేదు. ఇక్కడ మాత్రం పెళ్ళికూతురి షాపింగ్‌లో చీరలు, నగలు, బ్లౌజ్ కుట్టింపు, దాని పక్కనే ఇదీ ఒక లెక్క.

క్రీములదీ అదే దారి. కేరళలో కొట్టక్కల్ డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మంది కేసులు పరిశీలించి జర్నల్లో రాశారు. అందులో 15 మందికి ఒక అరుదైన రకం ఉందని తేలింది, ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడామని చెప్పారు. కారణం క్రీముల్లో పాదరసం. రంగు కోసం కిడ్నీలు, ఆలోచించండి.

యాడ్ ఒక్కటే అయితే టీవీ కట్టేస్తే సరిపోయేది. కడుపుతో ఉన్న పిల్లకి కుంకుమపువ్వు పాలు తాగించేది ఎందుకో మనకి తెలీదా? సంబంధం చూడడానికొచ్చి "పిల్ల కళగానే ఉంది, రంగే కాస్త..." అని సాగదీసేది ఏ కంపెనీవాళ్ళూ కాదు, మన పెద్దమ్మలే. కంపెనీ మన ఇంట్లో మాటనే తీసుకెళ్ళి, ట్యూబులో పెట్టి, మనకే అమ్మింది. అందుకే అంత బాగా అమ్ముడుపోయింది.

ఇక సినిమావాళ్ళు. కూలి పిల్ల పాత్ర ఉంటే తెల్లటి హీరోయిన్‌ని తెచ్చి నల్లరంగు పూస్తారు తప్ప చామనఛాయ తెలుగమ్మాయిని తీసుకోరు. రంగు ఒకటే అనుకుంటే ఒళ్ళు గోల ఇంకోటి. 2025 జనవరిలో ఒక టీజర్ ఫంక్షన్‌లో ఒక దర్శకుడు, తిని ఒళ్ళు చేయమని హీరోయిన్‌కి చెప్పాననీ, తెలుగువాళ్ళకి ఆ సైజు సరిపోదనీ మైకులోనే అన్నాడు. తెలంగాణ మహిళా కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది, ఆయన క్షమాపణ చెప్పాడు. ఇదే పరిశ్రమలో పేరు తెచ్చుకున్న ఆర్తీ అగర్వాల్ 2015లో 31 ఏళ్ళకే చనిపోయింది, అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ చేయించుకుంది. సన్నగా ఉంటే సరిపోదు, లావైతే పనికిరాదు. మరి ఎంత ఉండాలో ఆ కొలతేదో రాసి గోడకి అంటించండి, మాకూ టెన్షన్ తప్పుతుంది. ఫెయిర్‌నెస్ క్రీమ్ యాడ్ వద్దన్న హీరోయిన్ ఎవరంటే మనకి చటుక్కున సాయి పల్లవి పేరు తప్ప ఇంకో పేరు రాదు, అదీ మన పరిస్థితి.

ఫ్రాన్స్‌లో 2017 అక్టోబర్ నుంచి మోడల్ ఒళ్ళు సన్నగానో లావుగానో మార్చిన యాడ్ ఫొటో కింద "మార్చిన ఫొటో" అని రాయాలి. మన దగ్గర పెళ్ళి చీరల హోర్డింగుల కింద అలా రాయాలంటే చీర కనపడదేమో.

మొన్న మా పిన్ని కూతురి పెళ్ళి ఆల్బమ్ చేసే అతనికి "దాని రంగు మాత్రం మార్చకు తమ్ముడూ" అని చెప్పాను. "అందరికీ చేస్తాం మేడమ్, ప్యాకేజీలోనే ఉంటుంది" అన్నాడు. మాకు వద్దు, ఆ డబ్బులు తగ్గించు అంటే తగ్గించనన్నాడు. ఇంకా బేరం నడుస్తోంది.